మారుపేరు, మారుమనస్సు: తెలుగు క్రైస్తవ కీర్తనలో వ్యక్తి విశ్వాసం

ప్రస్తావన

తెలుగు క్రైస్తవ సాహిత్యంపై ఇంతవరకు జరిగిన పరిశీలన ప్రధానంగా రెండు మార్గాల్లో నడిచింది. మొదటిది చరిత్ర మార్గం. బైబిలు అనువాదాలు, మిషనరీల నిఘంటు వ్యాకరణ కృషి, తొలినాటి ముద్రణ ఇందులో చర్చకు వచ్చాయి. రెండవది కవి మార్గం. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలు, గుర్రం జాషువా (1895-1971) 'క్రీస్తు చరిత్ర' వంటి రచనలు ఇందులో వివేచనకు వచ్చాయి. ఆర్. ఆర్. సుందరరావు 1983లో వెలువడిన ఆంగ్ల గ్రంథంలో తెలుగు క్రైస్తవ కీర్తనలను భక్తి సంప్రదాయం వెలుగులో చదివి, ఆ కీర్తనలు విదేశీ గీతాలకు నకళ్లు కావనీ, వాటి పునాది ఈ నేల భక్తిలో ఉందనీ నిరూపించారు. ఆ నిరూపణ విలువ తగ్గనిది. అయినా ఈ రెండు మార్గాల్లోనూ ఒక వ్యక్తి కనిపించడు. అతడు పాడేవాడు. కీర్తనను రాయకపోయినా, ముద్రించకపోయినా, దానిని తన మాటగా చేసుకొని తరతరాలుగా పాడుతున్నవాడు.

పాడేవాణ్ణి వదిలివేస్తే ఒక ప్రశ్నకు సమాధానం దొరకదు. క్రైస్తవ సందేశానికి ఒక మనిషి తానుగా, నిజంగా స్పందించాడని సాహిత్యం ఎలా చెబుతుంది? ఈ ప్రశ్న వేదాంత శాస్త్రానిదే అనుకోవడానికి వీల్లేదు. చదువుకొన్న అగ్రవర్ణ వ్యక్తి మతం మారితే దానిని 'అన్వేషణ' అనీ, దళితవాడ మతం మారితే దానిని 'సామూహిక మతాంతరీకరణ' అనీ మన సాహిత్య చరిత్రలు పిలుస్తూ వచ్చాయి. మొదటిదానికి ఆత్మ ఉన్నదని, రెండవదానికి అవసరం మాత్రమే ఉన్నదని ఆ పదాలు మౌనంగా తీర్పు చెబుతున్నాయి. ఆ తీర్పుకు ఆధారమైన కొలబద్ద తెలుగు భాష ముందు నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

పరిశీలనకు నూజివీడు మామిడి ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల పల్లెల్లో జమీందారీ కాలం నుంచి భూమి కొద్దిమంది చేతుల్లోను, కాయకష్టం ఎక్కువమంది చేతుల్లోను ఉంటూ వచ్చింది. ఇంగ్లండు నుంచి వచ్చిన చర్చి మిషనరీ సొసైటీ 1841లో మచిలీపట్నంలో పని ప్రారంభించి, 1854 నాటికి ఏలూరుకు విస్తరించింది. అడ్వెంటిస్టు సంఘం వారి గిఫర్డ్ స్మారక వైద్యశాల 1925లో నూజివీడులోనే వెలిసింది. చిన్నరసాల తోటల్లో కాపలా కాసేవారు, కాయ కోసేవారు, గంపలకెత్తేవారు ఆదివారమో శనివారమో కీర్తన పాడే సంఘాలు ఈ ప్రాంతంలో తరాలుగా ఉన్నాయి. విశ్వాసాన్ని చెప్పే తెలుగు మాట ఒకటి ఈ ప్రాంతపు బతుకులో ఎంత లోతుగా నాటుకొని ఉందో గమనిస్తే మన ప్రశ్నకు దారి దొరుకుతుంది. అందుచేత ముందుగా ఆ మాటను పరిశీలిద్దాం.

1. నమ్ముట, నమ్ముకొనుట

విశ్వాసానికి తెలుగు బైబిలు వాడిన ప్రధాన పదం 'విశ్వాసము'. దానికి తోడుగా 'నమ్మిక', 'నమ్ము' ఉన్నాయి. అయితే పల్లె సంఘంలో ఒక మనిషి తన విశ్వాసాన్ని తాను చెప్పుకొనేటప్పుడు ఎక్కువగా వినిపించే క్రియ 'నమ్ముకొను'. దేవుణ్ణి నమ్మాను అనడం కన్న నమ్ముకొన్నాను అనడమే సహజంగా వినిపిస్తుంది. ఈ 'కొను' అనుప్రయుక్తం చిన్నది కాదు. మన వ్యాకర్తలు దీనికి ఆత్మనేపదార్థాన్ని గుర్తించారు. వండు, వండుకొను, దాచు, దాచుకొను, చెప్పు, చెప్పుకొను అన్న జంటల్లో రెండవ రూపం క్రియాఫలాన్ని కర్త వైపు తిప్పుతుంది. 'నమ్ము' విషయంలో ఈ తిప్పడం అర్థాన్నే మారుస్తుంది.

'నమ్ము' ఒక మాట సత్యమా కాదా అన్నదానికి సంబంధించింది. ఒకరి మాట నమ్ముతాం. అది అబద్ధమైతే మోసపోయామంటాం. 'నమ్ముకొను' బతుకు దేనిమీద ఆనుకొని ఉందన్నదానికి సంబంధించింది. భూమిని నమ్ముకొన్నవాడు, కొడుకును నమ్ముకొన్న తల్లి, తోటను నమ్ముకొన్న కౌలుదారు అంటాం. నమ్మిన మాట వమ్మైతే బాధ కలుగుతుంది. నమ్ముకొన్నది పోతే బతుకే పోతుంది. మొదటి క్రియలో బుద్ధి ఒక నిర్ణయం చేస్తుంది. రెండవ క్రియలో మనిషి తనను తానే పణంగా పెడతాడు.

మామిడి ప్రాంతంలో ఈ రెండవ క్రియకు అర్థం చెప్పనక్కరలేదు. పూత చూసి తోటకు వెల కట్టే పద్ధతి ఇక్కడ మామూలు. పుష్య మాఘాల్లో చెట్టు నిండా పూత ఉండవచ్చు. మబ్బు పట్టినా, తేనెమంచు పురుగు సోకినా ఆ పూత మాడిపోతుంది. నిలిచిన పిందె వైశాఖం గాలికి రాలవచ్చు. కాయ చేతికి వచ్చాక ధర పడిపోవచ్చు. పెట్టుబడి మాత్రం పూతనాడే పెట్టాలి. కనిపించని ఫలం మీద కనిపించే సొమ్మును, శ్రమను పెట్టి అయిదు నెలలు ఎదురు చూడడమే తోటను నమ్ముకోవడం. కాబట్టి ఈ ప్రాంతపు శ్రామికుడు తాను క్రీస్తును నమ్ముకొన్నానని చెప్పినప్పుడు అతడు మతగ్రంథంలోని పారిభాషిక పదాన్ని వల్లించడం లేదు. తన బతుకులో అత్యంత బరువైన క్రియను తీసుకొని, దాని కర్మను మార్చి చెబుతున్నాడు.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. 'నమ్ముకొన్నాను' అనేది ఏకవచనం. కాని తోటను ఒక్కడు నమ్ముకోడు. కుటుంబమంతా నమ్ముకొంటుంది, కాపలా గుడిసెలో అందరూ ఉంటారు. ఆ క్రియకు కర్త ఒక్కడైనా దాని ఫలం పదిమందిది. వ్యక్తి విశ్వాసం అంటే సమూహం నుంచి విడివడి ఒంటరిగా తీసుకొన్న నిర్ణయమే అన్న భావన ఈ క్రియ స్వభావానికి పొసగదు. ఒక్కడు పూర్తిగా నిలబడతాడు. ఒంటరిగా మాత్రం నిలబడడు.

2. కొలబద్ద చరిత్ర

నిజమైన విశ్వాసాన్ని ఒంటరి అన్వేషణతో సమానం చేసే కొలబద్ద మనకు ఎక్కడినుంచి వచ్చింది? పందొమ్మిదవ శతాబ్దపు తెలుగు ప్రాంతంలోని కొన్ని సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే అది స్పష్టమవుతుంది.

పురుషోత్తమ చౌదరి ఒడియా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి తెలుగులో కవి అయినవాడు. తెలుగులో అచ్చయిన క్రైస్తవ కరపత్రం ఆయనను ఆలోచనలో పడవేసింది. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే ఆంగ్ల మహిళతో జరిగిన చర్చలు ఆ ఆలోచనను ముందుకు నడిపాయి. 1833లో ఆయన బాప్తిస్మం పొందారు. చదువు, సంశయం, చర్చ, నిర్ణయం అనే వరుస ఇందులో ఉంది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల విద్యార్థులు ఇద్దరు, బ్రాహ్మణుడైన మంచాల రత్నం, వెలమ అయిన ఐనాల భూషణం, 1852లో బాప్తిస్మం పొందినప్పుడు పట్టణం కలవరపడి పాఠశాల దాదాపు ఖాళీ అయింది. ఇక్కడా అదే వరుస. వీరి విశ్వాసాన్ని ఆనాటి వారు వ్యతిరేకించారు, నిందించారు. కాని అది వీరి స్వంత నిర్ణయం కాదని ఎవరూ అనలేదు. వారు కోల్పోయినదే వారి నిజాయితీకి సాక్ష్యంగా నిలిచింది.

ఆ తరువాతి ఘట్టం వేరు. రాఘవాపురానికి చెందిన మాల కులస్థుడు పగోలు వెంకయ్య 1859లో బెజవాడ వచ్చి మిషనరీ టి. వై. డార్లింగును కలిశాడు. అంతకు ముందే అతడు విగ్రహారాధన విడిచిపెట్టి, ఉన్న దేవుడెవరో తనకు తెలియజేయమని కొన్నేళ్లపాటు ప్రార్థిస్తూ వచ్చాడు. మిషనరీ అతనిని వెతుక్కుంటూ వెళ్లలేదు. అతడే వెతుక్కుంటూ వచ్చాడు. కృష్ణా ప్రాంతపు మాలపల్లెల్లో సామూహికోద్యమం అని చరిత్రలు పిలిచేది ఈ ఒక్క మనిషి ప్రార్థనతో మొదలైంది. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య కథ కూడా ఇటువంటిదే. చర్మకార వృత్తిలో ఉన్న ఆ మాదిగ సాధకుడు అంతకు పూర్వమే గురువుల వద్ద యోగమార్గం అభ్యసించినవాడు. అన్వేషణ అగ్రవర్ణ విద్యావంతుల సొత్తు అన్న భావన ఈ ఇద్దరి ముందు నిలవదు. తేడా ఒక్కటే. చౌదరి అన్వేషణ పద్యంగా, కీర్తనగా మిగిలింది. వెంకయ్య, పేరయ్యల అన్వేషణ ఇతరుల నివేదికల్లో మిగిలింది. సాహిత్య చరిత్ర రాతను సాక్ష్యంగా తీసుకొన్నది. రాత లేనిచోట ఆత్మ లేదనుకొన్నది.

అనుమానం మిషనరీలలోనూ ఉండేది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి పని కల్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మాలు మాత్రం నిలిపివేశాడు. కూటికోసం వచ్చారన్న మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశం. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను ఎంతోమంది ఉటంకించారు. దానికి ముందున్న నిరీక్షణను గుర్తుచేసినవారు తక్కువ. ఇవ్వడానికి ఏమీ మిగలని రోజు వరకు వేచి ఉన్నవారిని ఆశపడి వచ్చినవారనడం తర్కానికి నిలవదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ అనుమానం జాతీయ చర్చ అయింది. 1936లో జాన్ మాట్‌తో జరిగిన సంభాషణలో గాంధీ, దళితులకు మతాల మధ్య తారతమ్యం గ్రహించే స్థితి లేదన్న అభిప్రాయం వెలిబుచ్చారు. అప్పటికే దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య (1912లో అభిషిక్తుడు) తెలుగు పల్లెల్లో ఇందుకు భిన్నమైన ఆచారాన్ని నెలకొల్పి ఉన్నారు. అక్కడ బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ తమ తలపై తాము చేయి ఉంచుకొని, తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవుడననీ, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అనీ ఉత్తమ పురుష ఏకవచనంలో పలకాలి. పల్లె అంతా ఒకేరోజు వచ్చినా మాట ఒక్కొక్కరిదే. జె. డబ్ల్యు. పికెట్ 1933 నాటి అధ్యయనంలో మతం మారినవారి ఉద్దేశాలను పరిశీలించి, ప్రవేశించేనాటి ఉద్దేశం కన్న ప్రవేశించిన తరువాత లభించిన బోధన, సంరక్షణలే వారి జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించాయని తేల్చాడు. విశ్వాసం ఒక్క క్షణంలో ముగిసే నిర్ణయం కాదన్న ఈ అవగాహన 'నమ్ముకొను' క్రియకు దగ్గరగా ఉంది. పూతనాడు పెట్టిన పెట్టుబడి ఎటువంటిదో కోతనాటి వరకు సాగిన కాపలా చెబుతుంది.

3. కీర్తనలోని 'నేను'

ఇప్పుడు కీర్తన వద్దకు వద్దాం. బ్రాహ్మణ కవి రాసిన కీర్తనను దళిత సంఘం వందేళ్లకు పైగా పాడుతూ వచ్చింది. తెలుగు సాహిత్యంలో ఇటువంటి పరిణామం అరుదు. కవి 'నేను' అన్న చోట పాడేవారు 'నేను' అంటారు. ఆ రెండు 'నేను'లు ఒకటేనా?

చౌదరి కీర్తనల్లో ప్రధానమైనది శరణాగతి. సంబోధన, ఆత్మనింద, దయాయాచన, ఆశ్వాసం అనే క్రమం వాగ్గేయకారుల కీర్తనలతో పరిచయమున్న పాఠకునికి కొత్త కాదు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంపుటం ప్రతి కీర్తనకు రాగతాళాలు సూచించడం ఈ వారసత్వాన్ని బాహాటంగా ఒప్పుకోవడమే. ఆత్మనిందకు వైష్ణవ పరిభాషలో నైచ్యానుసంధానమని పేరు. భక్తుడు తన అల్పత్వాన్ని తలచుకొని భగవంతుని ఔన్నత్యాన్ని కీర్తించడం దాని స్వరూపం.

నైచ్యానుసంధానానికి ఒక పూర్వషరతు ఉంది. దిగడానికి మెట్టు ఉండాలి. పుట్టుకతో పూజ్యుడనిపించుకొన్న కవి తాను నీచుడనని అన్నప్పుడు అది త్యాగం. లోకం ఇచ్చిన ఎత్తును అతడు తానుగా విడిచిపెడుతున్నాడు. అదే మాటను రోజూ ఇతరుల నోట వినే మనిషి కీర్తనలో పాడితే ఏమవుతుంది? అతడు ఏ ఎత్తునుంచీ దిగడం లేదు. లోకం వేసిన ముద్రనే దేవుని ముందు తిరిగి చెబుతున్నాడా అన్న ప్రశ్న పుడుతుంది. భక్తి దృష్టి ఒక్కటే ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. అది కవిని వివరిస్తుంది, గాయకుణ్ణి వివరించదు.

సమాధానం కీర్తనల పదజాలంలోనే దొరుకుతుంది. ఆత్మనిందలో రెండు రకాల పదాలున్నాయి. 'నీచుడు', 'అల్పుడు' మొదటి రకం. ఇవి స్థానాన్ని చెప్పే పదాలు. 'పాపి' రెండవ రకం. ఇది క్రియను చెప్పే పదం. పాపం చేసినవాడు పాపి. చేయగలిగినవాడే, మానగలిగినవాడే, జవాబుదారీ గలవాడే పాపి కాగలడు. అంటరానితనం పుట్టుకకు తగిలించిన ముద్ర. అందులో చేసినది ఏమీ లేదు, మానవలసినదీ లేదు. పుట్టుకే దోషమని విన్న మనిషి మొదటిసారి తాను పాపినని పలికినప్పుడు ఒక మార్పు జరుగుతుంది. దోషం పుట్టుక నుంచి తొలగి ప్రవర్తనకు చేరుతుంది. తోట యజమానికీ, తోట కాపలాదారుకూ ఒకే నియమం వర్తిస్తుంది. కవికి వినయమైన ఆ మాట గాయకునికి నైతిక వ్యక్తిత్వ ప్రకటన అవుతుంది. ఒకే కీర్తనలో 'నీచుడు' గాయకుణ్ణి ఉన్నచోటే ఉంచుతుంది. 'పాపి' అతణ్ణి మనిషిగా నిలబెడుతుంది. ఈ రెండు పదాలను పర్యాయాలుగా చదవడం విమర్శలో జరిగిన పొరపాటు.

వ్యాకరణం కూడా ఈ భేదాన్ని సమర్థిస్తున్నది. 'నీచుడను', 'దాసుడను' పుంలింగ రూపాలు. సంఘంలో పాడేవారిలో సగానికి పైగా స్త్రీలే అయిన చోట్ల కూడా వారు ఆ రూపాలనే పాడుతూ వచ్చారు. 'పాపిని' అన్న రూపానికి లింగభేదం లేదు. ఉత్తమ పురుష క్రియ అయిన 'నమ్ముకొన్నాను'కు అసలే లేదు. కూలికి వెళ్లే స్త్రీ తన మాటగా అనడానికి కీర్తనలో పూర్తిగా తెరిచి ఉన్న ద్వారాలు ఈ రెండే.

పాడే పద్ధతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ముందు ఒకరు చరణం అందుకొంటారు. అందరూ పల్లవికి చేరుతారు. చరణంలో కవి అనుభవం ముందుకు సాగుతుంది. పల్లవిలో అది అందరి నోటికీ తిరిగి వస్తుంది. ఇరవైమంది ఒకేసారి 'నేను' అన్నప్పుడు అది 'మేము' కాదు. 'మేము' అంటే ఒకరు అందరి తరఫున మాట్లాడవచ్చు. 'నేను' అంటే ఒకరి తరఫున మరొకరు పలకడానికి వీల్లేదు. అజరయ్య ఆచారంలో తలపై ఉంచుకొన్న చేయి చేసిన పనినే ఇక్కడ పల్లవి చేస్తున్నది. సామూహికం, వైయక్తికం అన్న విభజనను ఈ ప్రదర్శన రూపం నిత్యం చెరిపివేస్తున్నది.

అయితే ఒక పరిమితిని దాచకూడదు. యజమానీ కూలీ ఇద్దరూ పాపులేనన్న సమత్వం పూర్తి కావాలంటే ఇద్దరూ ఒకే కప్పు కింద ఆ మాట పలకాలి. యజమాని ఆ సంఘంలో లేనప్పుడు ఒప్పుకోలు ఒక పక్షం వారిదే అవుతుంది. సంఘం లోపల కులాల మధ్య దూరం మిగిలి ఉన్నచోట ఆ ఒప్పుకోలు మరింత బలహీనపడుతుంది. కీర్తన సమత్వాన్ని ప్రకటించగలదు. దానిని అమలు చేయలేదు.

4. సాక్ష్యం అనే మౌఖిక ప్రక్రియ

కీర్తన తరువాత సంఘంలో వినిపించేది సాక్ష్యం. తెలుగు మౌఖిక కథన ప్రక్రియల్లో దీనికి ఇంకా తగిన చోటు దక్కలేదు. వక్త లేచి తన జీవితంలో దేవుడు చేసిన మేలును స్వయంగా చెప్పడం దీని రూపం. పూర్వస్థితి, ఆపద, ప్రార్థన, విడుదల, కృతజ్ఞత అనే అయిదు అంగాలు దాదాపు ప్రతి సాక్ష్యంలో కనిపిస్తాయి. జబ్బు, అప్పు, తాగుడు, సంతానలేమి వంటివి ఆపద స్థానంలో వస్తాయి. ఎత్తుగడ, ముగింపు స్థిరమైన మాటల్లో ఉంటాయి.

ఈ స్థిరత్వాన్ని చూసి సాక్ష్యాలన్నీ ఒకే మూసలో పోసినవనీ, అందువల్ల వాటిలో వ్యక్తి లేడనీ అనడం సులభం. జానపద సాహిత్య విద్యార్థికి ఈ వాదం తృప్తినివ్వదు. ఏడ్పుపాటలోను మూస ఉంటుంది. అందువల్ల ఏడ్చేవారి దుఃఖం కల్పితం కాదు. మూస అనుభవాన్ని చెప్పగలిగే ధైర్యాన్ని ఇస్తుంది. ఎన్నడూ సభలో నోరు విప్పని మనిషికి మొదటి వాక్యం, చివరి వాక్యం సిద్ధంగా ఉంటే మధ్యలోని నాలుగు వాక్యాలు తనవిగా చెప్పగలడు.

విమర్శకుడు వెతకవలసినది ఆ నాలుగు వాక్యాలను. ముఖ్యంగా, మూస తెగిన చోటును. విడుదల రాని సాక్ష్యం ఉంటుంది. ప్రార్థించినా పూత నిలవలేదని, అప్పు తీరలేదని, బిడ్డ దక్కలేదని చెప్పి, అయినా నమ్ముకొనే ఉన్నానని ముగించే సాక్ష్యం అది. ఇందులో నాలుగవ అంగం లోపించింది. అయినా అయిదవది మిగిలింది. ఫలం కోసమే నమ్మారన్న ఆక్షేపణకు ఇంతకంటె బలమైన జవాబు ఉండదు. పాత నిబంధనలో హబక్కూకు గ్రంథం చివర అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా దేవునియందు ఆనందిస్తానన్న ప్రకటన ఉంది. కోతల పండుగనాడు సంఘాల్లో తొలిఫలాలు అర్పించి వేలం పాడే తెలుగు నేలపై, కాపు లేని ఏడాది వినవలసిన భాగం అది. పూత మాడిన తోట మధ్య దానిని వినే మనిషికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఒక మనిషి హృదయాన్ని తూచడం విమర్శకు సాధ్యం కాదు. ఒక ప్రక్రియ మనిషికి తనను తాను పణంగా పెట్టే చోటును కల్పించిందా, ఆ చోటును ఆ మనిషి వాడుకొన్నాడా అన్నది చూడడం సాధ్యం. అంతకుమించి తీర్పు చెప్పబూనడం విమర్శ పని కాదు.

5. పేరు, మనస్సు

తెలుగు బైబిలు పశ్చాత్తాపపూర్వకమైన పరివర్తనకు వాడిన సమాసం 'మారుమనస్సు'. ఇందులో 'మారు' మార్పును సూచిస్తుంది. కాని తెలుగు చెవికి 'మారుపేరు', 'మారువేషం' కూడా అదే వరుసలో వినిపిస్తాయి. ఒకే పూర్వపదం లోపలి మార్పునూ, పైపై మరుగునూ సూచించగలదు. మతం మారినవారిని సమాజం చూసిన చూపులో ఈ రెండర్థాలూ కలిసిపోయాయి. వారు మారుమనస్సు అన్నదానిని పొరుగువారు మారువేషమన్నారు. పాలపొడికీ గోధుమలకూ మారారన్న ఎత్తిపొడుపు ఈ చూపు నుంచి పుట్టినదే.

పేరు విషయంలో ఇది మరింత చిక్కుపడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది, క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారికి బి.సి.-సి వర్గం మిగిలింది. పర్యవసానంగా ఎన్నో కుటుంబాల్లో బడి కాగితంలో ఒక పేరు, సంఘంలో మరొక పేరు నిలిచాయి. విశ్వాసంలోని నిజాయితీ న్యాయస్థానాల్లో కూడా పరిశీలనాంశమైంది. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసాన్ని ఆచరిస్తూనే రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని వంచించడమేనని తీర్పు చెప్పింది. న్యాయ విచారణ ఈ వ్యాస పరిధి కాదు. సాహిత్య విద్యార్థి గమనించవలసినది వేరు. మనస్సూ పేరూ ఒకటిగా ఉండాలన్న నియమం అందరికీ ఒకే ధరకు దొరకదు. పేరు మార్చుకొంటే పుట్టుకవల్ల వచ్చిన అవమానం పోదు. దానికి పరిహారంగా వచ్చిన రక్షణ మాత్రం పోతుంది. ఈ స్థితిలో రెండు పేర్లతో బతికే మనిషిలో విశ్వాసం లేదనడం తొందరపాటు. ఉన్న విశ్వాసానికి భయం తోడైందనడం నిజానికి దగ్గర.

ఇందుకు ఎదురుగా మరొక సమస్య సంఘం లోపలే ఉంది. మూడవ, నాలుగవ తరం వారిలో పుట్టుకతో వచ్చిన క్రైస్తవం ఉంది. సంఘ పరిభాషలో వారిని 'నామకార్థ క్రైస్తవులు' అంటారు. వీరికి పేరు ఉంది, మనస్సు సందేహం. పందొమ్మిదవ శతాబ్దపు డెన్మార్కులో కీర్కెగార్డ్ లేవనెత్తిన ఆక్షేపణ ఇదే. అందరూ పుట్టుకతో క్రైస్తవులైన దేశంలో క్రైస్తవుడు కావడమే దుర్లభమన్నాడాయన. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ 1941లో మద్రాసులో ప్రారంభించి, తరువాత హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా తెలుగునాట విస్తరింపజేసిన ఉద్యమం ఈ తరాన్నే ఉద్దేశించింది. తల్లిదండ్రుల విశ్వాసం సరిపోదు, నీవు తిరిగి జన్మించావా అన్నది దాని ప్రశ్న. 'సీయోను గీతములు' ఈ ప్రశ్న చుట్టూ పెరిగిన సంఘాల పాటల పుస్తకం.

జాషువా ఈ సందర్భంలో గుర్తుకు రావాలి. పేరులోనే క్రైస్తవం ఉన్న ఆ కవి 1941లో 'గబ్బిలం' ద్వారా కాశీలోని శివునికి మొర పంపాడు. 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. ఆయన ఎవరివాడన్న వాదం ఇప్పటికీ ముగియలేదు. పేరునుబట్టి మనస్సును తేల్చబోయే ప్రతి ప్రయత్నమూ ఆయన వద్ద ఓడిపోతుంది. ఆ రెండు కావ్యాల్లోనూ బాధితుని పక్షాన దైవాన్ని నిలదీసే గొంతు ఒకటే. వ్యక్తి విశ్వాసానికి ఆనవాలు ఆ గొంతులో వెతకాలి.

ఉపసంహారం

పై పరిశీలన మూడు విషయాలను సూచిస్తున్నది. తెలుగులో వ్యక్తి విశ్వాసాన్ని చెప్పే ప్రధాన క్రియ 'నమ్ముకొను'. అది బుద్ధి అంగీకారాన్ని కాక బతుకు ఆనికను సూచిస్తుంది. అందువల్ల సమూహంలో పలికినంత మాత్రాన ఆ విశ్వాసం వ్యక్తిగతం కాకుండా పోదు. కవి అనుభవంలో వినయమైన మాట గాయకుని నోట వ్యక్తిత్వ ప్రకటన కాగలదు. కనుక కీర్తనను ముద్రిత పాఠంగా మాత్రమే చదవడం అసంపూర్ణం. మౌఖిక సాక్ష్యంలో విశ్వాసపు గుర్తు మూస పూర్తయిన చోట కన్న, అది తెగిన చోట స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ దిశలో చేయవలసిన పని మిగిలి ఉంది. నూజివీడు, ఏలూరు, రాఘవాపురం పరిసరాల సంఘాల్లో పాత కీర్తనలను ఇప్పటికీ పుస్తకం లేకుండా పాడగల వృద్ధులున్నారు. వారు ఏ చరణాలు నిలుపుకొన్నారు, ఏవి వదిలివేశారు, ఏ పదాన్ని మార్చి పాడుతున్నారు అన్నది నమోదు చేయాలి. 'దాసుడను' అన్నచోట స్త్రీలు 'దాసిని' అని సవరించుకొన్నారా? 'నీచుడను' ఉన్న చరణం ఎక్కడైనా జారిపోయిందా? ఇటువంటి చిన్న మార్పులే గాయకుల విమర్శ. తమకు ఇచ్చిన పాటలో తమది కానిదానిని వదిలి, తమదైనదానిని ఉంచుకొన్నవారి స్పందన అక్కడ ఉంటుంది. ఆ వృద్ధులు ఉండగానే ఆ పని మొదలు కావాలి.